చేదుకో కోటయ్యా: నోరు మూగబోయిన పిల్లాడి పక్కన మనం ఎలా కూర్చోవాలి?

 

ఈ వారం వీడియోలో మన కోటప్పకొండ గురించి, దక్షిణామూర్తి గురించి మాట్లాడుకున్నాం కదా. అందులో ఒక విషయం కావాలనే వదిలేశాను. కెమెరా ముందు కూర్చుంటే గొంతు పట్టేసింది, రెండు టేకులు తీసి ఆపేశాను. రాయడమే నయం అనిపించి ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పెద్దగానే ఉంటుంది. పిల్లలున్నవాళ్ళు, మేనల్లుళ్ళు మేనకోడళ్ళు ఉన్నవాళ్ళు తీరిగ్గా చదవండి.

మాది నరసరావుపేట. ఉద్యోగం హైదరాబాద్‌లో, అందరిలాగే సాఫ్ట్‌వేర్. శివరాత్రికి మాత్రం ఎలాగోలా సెలవు పెట్టి ఊరికి వెళ్ళిపోతాను. పేట నుంచి కోటప్పకొండ 12, 13 కిలోమీటర్లు ఉంటుంది. తిరునాళ్ళ చూడనివాళ్ళకి దాని సంగతి మాటల్లో చెప్పడం కష్టం. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ప్రభలు కట్టుకుని వస్తారు. మూడు నాలుగు అంతస్తుల ఇంటి కంటే ఎత్తుగా, ఒళ్ళంతా కరెంటు దీపాలతో, ఒక్కో ప్రభ కింద జనరేటర్, మైక్ సెట్టు. రాత్రయితే కొండ కింద చేలన్నీ పట్టపగల్లా ఉంటాయి. చిన్నప్పుడు నాకు అది స్వర్గం. ఇప్పటికీ అంతే.

రెండేళ్ళ కిందట మా అక్క కొడుకుని తీసుకుని వెళ్ళాను. అప్పుడు వాడికి ఆరేళ్ళు. ఇంట్లో గలగలా మాట్లాడతాడు. డైనోసార్ల పేర్లన్నీ చెప్తాడు, మా అమ్మకి టీవీ రిమోట్ ఎలా వాడాలో పాఠం చెప్తాడు. కొత్త చోట మాత్రం సైలెంట్ అయిపోతాడు. "సిగ్గరి" అని ఇంట్లో అందరం ముద్రేసేశాం. "నువ్వు తీసుకెళ్తే నాలుగు రకాల జనాన్ని చూస్తాడురా తమ్ముడూ, భయం పోతుంది" అని అక్క పంపింది.

ఒక ప్రభ కదులుతోంది. మన ఛానల్ కోసమే వీడియో తీస్తున్నాను. ఫోన్ పైకెత్తడానికి వాడి చేయి వదిలాను. అరనిమిషం అనుకుంటా. కిందికి చూస్తే వాడు లేడు.

తర్వాతి ఇరవై నిమిషాలు ఎలా గడిచాయో రాయను. మైకులో తప్పిపోయిన పిల్లల గురించి చెప్తూనే ఉన్నారు, ఆ మోతలో సగం మాటలు వినపడటం లేదు. చివరికి ఒక్క ముక్క చెవిన పడింది: ఎర్ర చొక్కా, ఆరేళ్ళ బాబు, పేరు అడిగితే చెప్పటం లేదు. అప్పటికి మైకులో ఎన్నిసార్లు చెప్పారో ఏమో. అదే "ఫలానా వాళ్ళబ్బాయి, ఫలానా పేరు" అని చెప్పి ఉంటే మొదటిసారికే నేను పట్టుకునేవాణ్ణి. వాడికి పేరు తెలుసు. నా ఫోన్ నంబర్ పదంకెలూ నోటికి వచ్చు, నేనే నేర్పించాను. ఒక్కటీ బయటికి రాలేదు.

వాడు మరమరాలు, జీళ్ళు అమ్ముకునే ఒక పెద్దావిడ బల్ల కింద ఉన్నాడు. ఆవిడ తన తువ్వాలు వాడి చెవుల చుట్టూ చుట్టి, వెలుతురు పడకుండా ముందు గోనెపట్టా దించి, ఆ పక్కనే కూర్చోబెట్టుకుంది. నేను చేసిన మొదటి పని ఏంటో తెలుసా? వాణ్ణి బయటికి లాగి, భుజాలు పట్టుకుని, "పేరు చెప్పడానికి నోరు లేదా నీకు? ఏమైంది? ఎందుకు చెప్పలేదు? మాట్లాడు!" అని అరిచాను. భయమంతా కోపంగా బయటికి వచ్చింది. వాడు నా ముఖం వైపు చూస్తున్నాడు కానీ నన్ను చూడటం లేదు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ పెద్దావిడ నా చేయి తీసేసింది. "బిడ్డని అట్టా గద్దించమాకయ్యా. గొంతు పూడుకుపోయింది వాడికి. కాసేపు ఊరుకో. నువ్వు కూడా కూసో." అంతే అంది. వాడి ముందు చదరపు కాగితం ముక్కలు కొన్ని పెట్టి, తను పొట్లం చుట్టడం మొదలుపెట్టింది. వాడి వైపు చూడలేదు, చుట్టమని చెప్పలేదు. ఐదారు పొట్లాలయ్యాక వాడి చేయి కాగితం మీదికి వెళ్ళింది. మొదటిది వంకరగా వచ్చింది. ఆవిడ అందులోనే మరమరాలు పోసి ఎవరికో అమ్మేసింది.

ఇంటికి వచ్చినా వాడు మాట్లాడలేదు. మర్నాడు మధ్యాహ్నం అన్నం తింటూ, ఎవరూ అడక్కుండానే, "ఆ లైట్లు నా కళ్ళలోకి వచ్చేసినయ్ మావయ్యా" అన్నాడు. అదే మొదటి మాట.

ఇక అసలు విషయానికి వస్తాను. కోటప్పకొండ స్థలపురాణం మనలో చాలామందికి గొల్లభామ కథ వరకే తెలుసు. ఆనందవల్లి రోజూ కొండెక్కి స్వామికి పాలు తెచ్చేది, స్వామి ఆమె వెంట కిందికి వస్తానన్నాడు, వెనక్కి చూడొద్దన్నాడు, ఆమె చూసింది, స్వామి అక్కడే ఆగిపోయాడు. ఇది అందరం వీడియోల్లో చెప్పేదే. దానికంటే ముందు ఇంకో కథ ఉంది. దక్షయజ్ఞం ధ్వంసమయ్యాక, సతీదేవిని పోగొట్టుకున్న శివుడు ఈ త్రికూటాచలానికి వచ్చి పన్నెండేళ్ళ బాలుడి రూపంలో దక్షిణామూర్తిగా తపస్సులో కూర్చున్నాడని స్థలపురాణం. బ్రహ్మాది దేవతలు వెతుక్కుంటూ వచ్చి జ్ఞానోపదేశం పొందింది ఇక్కడేనంటారు. స్వామి ఇక్కడ బ్రహ్మచారి దక్షిణామూర్తి కాబట్టే ఈ క్షేత్రంలో కల్యాణోత్సవం చేయరని, ధ్వజస్తంభం లేదని పెద్దలు చెప్తారు.

ఒక్కసారి ఆలోచించండి. అంత పెద్ద దెబ్బ తగిలినవాడు, అంత రభస చూసినవాడు, మూడు శిఖరాల కొండ మీదికి వచ్చి మాట లేకుండా కూర్చున్నాడు. అదీ ఒక పిల్లాడి రూపంలో. వచ్చిన దేవతలు ఆయన్ని కుదిపి లేపలేదు. ఎదురుగా కూర్చున్నారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. మా చిన్నోడి మౌనాన్ని స్వామి మౌనంతో పోల్చి "వీడిలో శివాంశ ఉంది" అనేంత పొరపాటు నేను చెయ్యను. అలా అనేసి అసలు ఇబ్బందిని పట్టించుకోని వాళ్ళని చూశాను. స్వామిది సంకల్పంతో పట్టిన మౌనం. వీడిది పట్టేసిన మౌనం. వీడు దాన్ని ఎంచుకోలేదు, అదే వీణ్ణి పట్టుకుంది. మన ఇళ్ళలో జరిగే తప్పంతా ఈ రెండింటినీ కలిపేయడంలోనే ఉంది. "కావాలనే మాట్లాడటం లేదు, మొండి" అంటాం.

ఈ పొరపాటు మన ఒక్కరిదే కాదు లెండి. డాక్టర్లు కూడా చాలాకాలం ఇలాగే అనుకున్నారు. ఇంట్లో బాగా మాట్లాడుతూ బడిలాంటి చోట అసలు మాట్లాడలేని పిల్లల పరిస్థితికి 1877లో కుస్మాల్ అనే జర్మన్ వైద్యుడు పెట్టిన పేరుకి అర్థం, ఇష్టపూర్వకంగా మాట మానేయడం అని. 1934లో ట్రామర్ అనే స్విస్ వైద్యుడు 'ఎలక్టివ్ మ్యూటిజం' అన్నాడు. అంటే ఎంచుకుని పట్టిన మూగనోము లాంటిది. 1994లో గానీ అమెరికన్ సైకియాట్రిస్టుల పుస్తకంలో అది 'సెలెక్టివ్ మ్యూటిజం'గా మారలేదు. అంటే కొన్ని సందర్భాల్లో మాత్రమే మాట రాకపోవడం, పిల్లాడు ఎంచుకున్నాడని కాదు. 2013లో దాన్ని ఆందోళనకి సంబంధించిన సమస్యల గుంపులోకి చేర్చారు. మొండితనం నుంచి భయం దాకా రావడానికి నూట ముప్పై ఆరేళ్ళు పట్టిందన్నమాట. మనింట్లో ఒక్క రాత్రిలో అర్థం కాలేదని బాధపడక్కర్లేదు. అర్థం చేసుకోకుండా ఉండిపోవద్దు, అంతే.

మా చిన్నోడికి ఆ పేరు వర్తిస్తుందా లేదా అన్నది వేరే సంగతి, అది డాక్టర్ తేల్చాలి. కానీ ఆ రాత్రి వాడి ఒంట్లో జరిగింది మాత్రం అందరి ఒంట్లోనూ ఉండేదే. ప్రమాదం అనిపించగానే మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం అలారం కొడుతుంది. అప్పుడు ఒళ్ళు తిరగబడటానికైనా సిద్ధమవుతుంది, పారిపోవడానికైనా సిద్ధమవుతుంది, రెండూ కుదరకపోతే బిగుసుకుపోతుంది. ఆలోచించి మాట కూర్చి చెప్పే ముందుభాగం ఆ సమయంలో సరిగ్గా పనిచేయదు. గొంతు కండరాలు కూడా బిగుస్తాయి. ప్రభ వెలుగు, మైకుల మోత, జనం కాళ్ళు తప్ప ఇంకేమీ కనపడని ఎత్తు. ఆరేళ్ళవాడికి తిరునాళ్ళ మన కంటి ఎత్తు నుంచి కనపడదు కదా.

నా వృత్తి భాషలో చెప్తాను, ఇందులో సగంమంది మనవాళ్ళే కాబట్టి అర్థమవుతుంది. సర్వర్ మీద లోడ్ ఎక్కువై జవాబు రావడం లేదు. అప్పుడు క్లయింట్లన్నీ "ఉన్నావా? ఉన్నావా?" అని మళ్ళీ మళ్ళీ రిక్వెస్టులు కొడితే ఏమవుతుంది? తేరుకునేది కాస్తా పూర్తిగా కూలబడుతుంది. అందుకే మనం కోడ్‌లో ఆగి ఆగి అడగమని రాస్తాం, ప్రతిసారీ ఆగే సమయం పెంచుతూ పోతాం. ఆఫీసులో ఈ జాగ్రత్త నా చేత్తో ఎన్నిసార్లు రాశానో. మేనల్లుడి దగ్గర ఒక్క నిమిషంలో ఐదు ప్రశ్నలు కొట్టాను. "ఏమైంది?" అనేది మనకి చిన్న ప్రశ్న. బిగుసుకుపోయిన పిల్లాడికి అది పెద్ద లెక్క. జరిగింది గుర్తు తెచ్చుకోవాలి, మాటల్లో పెట్టాలి, మన ముఖం చూసి మనకి కోపం వచ్చిందో లేదో తెలుసుకోవాలి, అప్పుడు నోరు తెరవాలి.

మరి ఏం చేయాలి? ఆ పెద్దావిడ చేసిందే. ముందు లోడ్ తగ్గించింది: చప్పుడు, వెలుతురు, కళ్ళు. చుట్టూ మూగిన మనుషుల చూపులు కూడా లోడే, అది మనం మర్చిపోతాం. తర్వాత ఎదురుగా కాకుండా పక్కన కూర్చుంది. ముఖంలో ముఖం పెట్టి చూస్తే పెద్దవాళ్ళకే ఇబ్బంది. ప్రశ్న వేయలేదు. చేతికి చిన్న పని అందేలా పెట్టి, తీసుకుంటే తీసుకుంటాడు లేకపోతే లేదన్నట్టు వదిలేసింది. వంకర పొట్లాన్ని సరిచేయలేదు. ఆవిడ ఏ పుస్తకమూ చదివి ఉండదు. ఆ తర్వాత ఒక పిల్లల మానసిక నిపుణురాలి దగ్గరికి వెళ్తే, ఆవిడ అరగంట పాటు చెప్పింది కూడా ఇంచుమించు ఇదే. నేను నోట్స్ రాసుకుంటూ మరమరాల బల్లే గుర్తు చేసుకున్నాను.

మాట అవసరమే అయినప్పుడు, ఉదాహరణకి నీళ్ళు కావాలా, ఇంటికి వెళ్దామా అని తెలుసుకోవాల్సి వస్తే, జవాబు నోటితోనే రానక్కర్లేదు. మన రెండు వేళ్ళు చూపించి "ఇది నీళ్ళు, ఇది ఇల్లు" అని అంటే, వాడు ఒకటి పట్టుకుంటాడు. అది కూడా ఒకసారి అడిగి ఆగాలి. ఎంతసేపు? మనసులో నెమ్మదిగా పంచాక్షరి పదకొండుసార్లు అనుకోండి. నేను అదే చేస్తాను. మనకి జపం, వాడికి టైం. అబద్ధం చెప్పను, మొదట్లో నాలుగోసారికే నోరు దురద పెట్టేది.

"చేదుకో కోటయ్యా, చేదుకో" అని కొండెక్కుతూ అరుస్తాం కదా. సిటీలో పెరిగినవాళ్ళకి ఆ మాట అర్థం తెలియకపోవచ్చు. చేదడం అంటే బావిలోంచి తాడుతో నీళ్ళు పైకి తోడటం. సంసారమనే బావిలో పడ్డాం, నువ్వే పైకి తోడుకో స్వామీ అని మొర. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో బావి ఉండేది. చిన్నప్పుడు ఆత్రంగా గుంజితే బొక్కెన బావి గోడకి కొట్టుకుని సగం నీళ్ళు ఒలికిపోయేవి. "మెల్లిగా చేదరా, తాడు వదలమాక" అనేది అమ్మమ్మ. గుంజకూడదు, వదలకూడదు. పిల్లాణ్ణి ఒంటరిగా వదిలేయడం కూడా ఊరుకోవడం కాదు. "మాట్లాడేదాకా ఆ గదిలోనే ఉండు" అనేవాళ్ళు తాడు వదిలేసినవాళ్ళే.

ఇతిహాసాల్లో ఇలాంటి మౌనం కోసం వెతికితే నాకు రెండు దొరికాయి. ఒకటి మనందరికీ తెలిసిన అర్జునుడిది. గీత రెండో అధ్యాయం మొదట్లో కృష్ణుడు "ఈ పిరికితనం నీకు తగదు" అన్నట్టు గట్టిగానే మందలిస్తాడు. దానికి అర్జునుడు లేచి విల్లు పట్టాడా? లేదు. తన బాధ చెప్పుకుని, యుద్ధం చేయనని, మౌనంగా కూర్చుండిపోతాడు. ఆ తర్వాతే కృష్ణుడు చిరునవ్వుతో ఓపిగ్గా చెప్పడం మొదలుపెడతాడు. మందలింపు రెండు శ్లోకాల్లో అయిపోయింది, ఓపిక పద్దెనిమిదో అధ్యాయం దాకా నడిచింది. ఈ లెక్క ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు.

రెండోది ఇంకా దగ్గరిది. కిష్కింధకాండ చివర్లో వానరులంతా సముద్రం ఒడ్డున కూర్చుని ఎవరెంత దూరం దూకగలరో చెప్తుంటారు. ఒకడు పది యోజనాలంటాడు, ఒకడు ఇరవై, ఇలా పెరుగుతూ పోయి జాంబవంతుడు ముసలితనంలో తొంభై అంటాడు. అంగదుడు నూరు దూకగలను గానీ తిరిగి రాగలనో లేదో అంటాడు. మనింట్లో ఫంక్షన్లలో పిల్లల్ని వరసగా నిలబెట్టి "నీకెన్ని మార్కులు, నీకెన్ని" అని అడిగినట్టే ఉంటుంది ఆ సీను. వీళ్ళందరిలోకీ బలవంతుడు మాత్రం ఒక పక్కన ఒంటరిగా, మాట్లాడకుండా కూర్చున్నాడు. ఆ సంగతి జాంబవంతుడు గమనించాడు. నాకు అన్నిటికంటే నచ్చేది ఈ గమనించడం.

తర్వాత ఆయన ఏం చేశాడు? మొదటి మాట "ఎందుకయ్యా మాట్లాడవు?" అన్నదే. నిజమే. కానీ జవాబు కోసం నిలదీయలేదు. కథ చెప్పడం మొదలుపెట్టాడు: నువ్వు అంజనాదేవి కొడుకువి, వాయుదేవుడు నీకు తండ్రి, పసివాడివిగా ఉన్నప్పుడు సూర్యుణ్ణి చూసి పండనుకుని ఎగిరావు, ఇంద్రుడి వజ్రం తగిలి దవడ విరిగింది. దెబ్బ తగిలిన సంగతి కూడా దాచకుండా చెప్పాడు చూడండి. హనుమంతుడు తన బలం మర్చిపోవడానికి ఋషుల శాపం కారణమని ఉత్తరకాండలో వస్తుంది. ఎవరైనా గుర్తుచేస్తే గానీ తెలియదు. అలా వింటూ వింటూ ఉన్నవాడే పెరిగాడు, అప్పుడు తనే మాట్లాడాడు.

ఇది చదివాక మా ఇంట్లో ఒకటి మార్చాం. మర్నాడు వాణ్ణి కూర్చోబెట్టి "నిన్న ఎందుకలా చేశావ్" అని విచారణ పెట్టడం మానేశాం. దాని బదులు కథ చెప్తాం. "నాలుగో తరగతిలో మాస్టారు లేపి ఎక్కం చెప్పమంటే నీ మావయ్యకి నోరు పెగల్లేదు తెలుసా" అని మొదలుపెడతాను. నిజమే అది. ఎక్కం వచ్చు, నోట రాలేదు, రెండు చేతుల మీదా బెత్తం దెబ్బలు పడ్డాయి. వాడు చాలా ఆసక్తిగా వింటాడు, దెబ్బల దగ్గర మళ్ళీ చెప్పమంటాడు. ఒకసారి కథ మధ్యలోనే, "నాక్కూడా మ్యామ్ అడిగితే ఇక్కడ రాయి ఉన్నట్టుంటది" అని గొంతు చూపించాడు. అడిగితే ఈ మాట వచ్చేదా?

ఇక మన ఛానల్ తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పోయిన దసరాకి పిల్లల శ్లోకాల వీడియోలు పంపమని అడిగాం, చాలామంది పంపారు. ఎడిటింగ్‌లో కూర్చుని అన్నీ చూశాను. కొన్నింట్లో పిల్లలు హాయిగా పాడుతున్నారు. కొన్నింట్లో కెమెరా వెనక నుంచి "చెప్పు, చెప్పూ, నిన్న చెప్పావుగా" అనే గొంతు, ముందు ఆ తిరునాళ్ళ రాత్రి చూపు. ఆ వీడియోలు వేయలేదు. దేవుడి శ్లోకం అంటే పిల్లాడికి భయం గుర్తొచ్చేలా చేశాక అది ఎంత స్పష్టంగా వస్తే మాత్రం ఏం లాభం? చుట్టాలు రాగానే "తాతయ్యకి హనుమాన్ చాలీసా వినిపించు" అనడం మనకి ముచ్చట. వద్దనను. వాడు వెనక్కి అడుగు వేస్తే మాత్రం అక్కడితో ఆపేయండి. "తర్వాత చెప్తాడులెండి, కాఫీ తీసుకోండి" అని మాట మార్చేయడం కూడా పిల్లలకి చేసే సాయమే. "మావాడికి సిగ్గండీ" అని వాడి ముందే అనకండి. వాడు దాన్నే తన పేరనుకుంటాడు.

బడి విషయంలో పెద్ద సాయం టీచర్ నుంచే రావాలి. అక్క ముందే వెళ్ళి క్లాస్ టీచర్‌తో మాట్లాడింది. అటెండెన్స్‌కి చేయి ఎత్తితే చాలన్నారు. ఒక వారం పాటు బడి వదిలాక ఖాళీ క్లాసులో అక్క, వాడు ఇద్దరే కూర్చుని ఆడుకున్నారు. వాడి గొంతు ఆ గదికి అలవాటైంది. తర్వాత టీచర్ తలుపు దగ్గర ఏదో పని చేసుకుంటూ నిలబడింది. ఇంకొన్ని రోజులకి బల్ల దగ్గరికి వచ్చింది. ఆ తర్వాత ఆటలో కలిసింది. అక్క నెమ్మదిగా బయటికి జరిగింది. పిల్లల నిపుణులు చెప్పే పద్ధతే ఇది, మేం కనిపెట్టింది కాదు. అన్ని బడుల్లో ఇంత ఓపిక ఉన్న టీచర్ దొరకదని నాకూ తెలుసు. అడగకపోతే మాత్రం అసలే దొరకదు.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి? బడి మొదలైన కొత్తలో కొన్నాళ్ళు మాట్లాడకపోవడం మామూలే. అది దాటి నెలకి పైగా అలాగే ఉంటే, చదువుకో స్నేహానికో అడ్డం వస్తుంటే ఆలస్యం చేయకండి. వచ్చిన మాటలు పోతుంటే, పిలిస్తే పలకకపోతే వెంటనే చూపించాలి, వినికిడి పరీక్ష కూడా చేయించాలి. డబ్బు భయం అక్కర్లేదు. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లల్ని పరీక్షించడానికి 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. అంగన్‌వాడీలో, ప్రభుత్వ బడిలో అడిగితే చెప్తారు. వాళ్ళు జిల్లా స్థాయి సత్వర చికిత్స కేంద్రానికి పంపిస్తారు. ఫోన్లో మాట్లాడాలంటే టెలి మానస్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇంకొకటి, ఇది మాత్రం సీరియస్‌గా తీసుకోండి. బాగా మాట్లాడే పిల్ల హఠాత్తుగా మూగబోయినా, ఫలానా మనిషి వస్తేనే బిగుసుకుపోతున్నా, "మావయ్యకి ముద్దు పెట్టు, తాతయ్య ఒళ్ళో కూర్చో" అని నెట్టకండి. ఆ మనిషి ఎంత దగ్గరి బంధువైనా సరే, ఎంత పూజలు చేసేవాడైనా సరే. మాట రాని పిల్ల ఒంటితో చెప్తున్న మాట అది. అనుమానం ఉంటే 1098కి ఫోన్ చేయండి.

తిరునాళ్ళ, పుష్కరాలు, పెళ్ళిళ్ళకి తీసుకెళ్ళేటప్పుడు మా ఇంట్లో ఇప్పుడు రెండు అలవాట్లు. జేబులో ఒక కార్డు ఉంటుంది, పేరు, రెండు ఫోన్ నంబర్లు, "నాకు భయమేస్తే మాట రాదు, కాసేపు పక్కన కూర్చోండి" అని ఒక వాక్యం. ఆ వాక్యం వాడే చెప్పాడు, నేను రాశాను. రెండోది ఒక సైగ. మాట పోయినప్పుడు చూపించడానికి ఒక గుర్తు ఎంచుకోమంటే, వాడు మూడు వేళ్ళు నిలబెట్టి "కోటప్పకొండ" అన్నాడు. ఎటునుంచి చూసినా మూడు శిఖరాలు కనపడే కొండ కదా. ఆ సైగ చూస్తే ఏ పనిలో ఉన్నా, ఎవరితో మాట్లాడుతున్నా, కారణం అడక్కుండా బయటికి తీసుకెళ్ళాలి. అదీ ఒప్పందం. మాచర్లలో ఒక పెళ్ళిలో వాడు మొదటిసారి వాడాడు. సరిగ్గా తలంబ్రాల టైంకి. మా బావ ముఖం చూడాల్సింది. కానీ లేచాడు. ఇద్దరూ కారులో ఏసీ వేసుకుని పావుగంట కూర్చుని, వాడే "వెళ్దాం పద" అంటే తిరిగొచ్చారు. అంతకుముందు వరకూ ఒకసారి మూగబోతే మర్నాటిదాకా తేరుకోని పిల్లాడు వాడు.

ఆ మరమరాల పెద్దావిడ కోసం మర్నాటి ఏడు తిరునాళ్ళలో వెతికాను. కనపడలేదు. తువ్వాలు మా దగ్గరే ఉండిపోయింది.

పోయిన నెల వాణ్ణి మళ్ళీ కొండకి తీసుకెళ్ళాను. ఈసారి మామూలు రోజు పొద్దున్నే, జనం పెద్దగా లేరు. ఘాట్ రోడ్డులో కారు అద్దం దించి కూర్చున్నాడు. ఆనందవల్లి శాపం వల్ల ఈ కొండ మీదికి కాకులు రావంటారని చెప్తే, దర్శనం మీద కంటే కాకుల మీదే దృష్టంతా. గుళ్ళో దణ్ణం పెట్టుకుని, ప్రసాదం తింటూ, చెట్టు చెట్టూ వెతికాడు. "నిజంగా రావా మావయ్యా? ఎవరైనా లెక్కపెట్టారా?" అని దిగేదాకా ఒకటే ప్రశ్నలు. నాకు జవాబులు అయిపోయాయి. యల్లమంద దాటాక కరెంటు తీగ మీద ఒకటి కనపడింది. కారు అదిరిపోయేలా అరిచాడు.

"మావయ్యా! కాకి! అది కొండ దిగాకే కూర్చుంది చూడు!"